అప్పీలు నిష్ఫలమైతే డిక్రీ ఏమవుతుంది? : శిరివెళ్ల కక్షిదారు కోణంలో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

శిరివెళ్ల నంద్యాలకు, ఆళ్లగడ్డకు నడుమ ఉన్న మండల కేంద్రం. గట్టు తగాదా, ఉమ్మడి ఆస్తి పంపకం, ప్రామిసరీ నోటు బాకీ, వీటిలో దేనిమీద వివాదం తలెత్తినా అక్కడి కక్షిదారు ముందుగా ఆళ్లగడ్డ కోర్టు మెట్లెక్కుతాడు. ఓడిపోతే నంద్యాల వైపు, అక్కడా ఓడితే హైకోర్టు వైపు చూస్తాడు. ఆ హైకోర్టు కూడా ఒకచోట నిలిచింది కాదు. ఈ ప్రాంతపు రెండో అప్పీళ్లు ఒకప్పుడు మద్రాసుకు, 1954 నుంచి గుంటూరుకు, 1956 నుంచి హైదరాబాదుకు, 2019 జనవరి 1 నుంచి అమరావతికి వెళ్తున్నాయి. తాత వేసిన దావాకు మనవడు వాయిదాకు హాజరయ్యే కుటుంబాలు ఈ ప్రాంతానికి కొత్త కావు.

ఇంత కాలం గడిచేసరికి దావా వేసిన నాటి లోకం, అప్పీలు తేలే నాటి లోకం ఒకటిగా ఉండవు. పంట కోతకు వస్తుంది, కౌలు గడువు తీరుతుంది, అద్దెదారు తనంతట తాను ఇల్లు ఖాళీ చేస్తాడు, కక్షిదారులలో ఒకరు మరణిస్తారు, శాసనసభ కొత్త చట్టం చేస్తుంది. అప్పుడు న్యాయస్థానం ముందు ఒక ప్రశ్న నిలుస్తుంది. ఈ అప్పీలును విచారించి తీర్పు చెప్పినా, ఆ తీర్పువల్ల ఎవరికైనా ఏమైనా ఒరుగుతుందా? ఒరగదని తేలితే అప్పీలు నిష్ఫలమైందని మూసివేస్తారు. అయితే ఆ మూసివేతతో కింది కోర్టు డిక్రీ కూడా పోతుందని చాలామంది కక్షిదారులు భావిస్తారు. అది పోదు. ఈ వ్యత్యాసం ఎక్కడ పుడుతుందో, దాని పర్యవసానం ఏమిటో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదం – పాదం

న్యాయవాదులు వాడుకలో ‘ఇన్‌ఫ్రక్చువస్’ అంటారు. అది ఫలం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది కాబట్టి తెలుగులో ‘నిష్ఫలం’ దానికి సరైన సమానార్థకం. ‘మూట్’ అనే మాట చరిత్ర విచిత్రమైనది. పాత ఇంగ్లీషులో అది సభ, సమావేశం. తరువాత చర్చించదగినది అనే అర్థం వచ్చింది. న్యాయకళాశాల విద్యార్థులు పోటీపడే ‘మూట్ కోర్టు’లో మిగిలినది ఆ అర్థమే. అమెరికన్ న్యాయస్థానాల వాడుకలో అది ఇక చర్చించవలసిన పని లేనిది అనే అర్థానికి తిరిగింది. ఒకే మాట రెండు వ్యతిరేకార్థాలను మోస్తున్నందున తెలుగులో దానిని యథాతథంగా తెచ్చుకోవడం కంటే నిష్ఫలం అనడమే మేలు. కొన్ని అనువాదాలలో కనిపించే ‘నిరర్థకం’ మాత్రం ఇక్కడ పొసగదు. అది మొదటి నుంచీ చెల్లని దానిని సూచిస్తుంది. నిష్ఫలమైన అప్పీలు దాఖలైన నాడు చెల్లుబాటులో ఉన్నదే.

కక్షిదారుల వాడుకలో ఈ తేడాలేవీ లేవు. ‘కేసు కొట్టేశారు’ అనే ఒక్క మాటలో నాలుగు వేర్వేరు ముగింపులు ఇమిడిపోతాయి. అవి మంచిచెడ్డలు విచారించి తోసిపుచ్చడం, హాజరు కానందుకు తోసిపుచ్చడం, మృతుని వారసులను చేర్చనందుకు అప్పీలు ఉపశమించడం, నిష్ఫలమైందని మూసివేయడం. నాలుగింటి ఫలితాలూ నాలుగు రకాలు.

మన ధర్మశాస్త్ర సంప్రదాయంలో ఈ చర్చకు ఉపకరించే పరికల్పన ఒకటి ఉంది. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర వ్యవహారాన్ని నాలుగు పాదాలుగా విభజించింది: భాష, ఉత్తరం, క్రియ, సాధ్యసిద్ధి. వాది చెప్పేది భాష, ప్రతివాది బదులు ఉత్తరం, రుజువు క్రియ, నిర్ణయంతో కోరినది సిద్ధించడం నాలుగో పాదం. 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన ‘విజ్ఞానేశ్వరీయం’ ద్వారా ఈ ధర్మశాస్త్ర సంప్రదాయాన్ని తెలుగు పద్యంలోకి తెచ్చాడు. తప్పుగా విచారించిన వ్యవహారాన్ని రాజు తిరిగి పరిశీలించి, తప్పు తీర్పు చెప్పిన సభ్యులను, గెలిచినవానిని కూడా దండించాలని యాజ్ఞవల్క్యుడు చెప్పాడు. అక్కడ దృష్టి అంతా తీర్పులోని దోషం మీదనే ఉంది. నేటి అప్పీలు దోషంతో పాటు మరొకటి కూడా అడుగుతుంది: సాధ్యం మిగిలి ఉందా? తీర్పు తప్పే కావచ్చు, కాని దానిని దిద్దినందువల్ల సిద్ధించేది ఏదీ లేనప్పుడు వ్యవహారం నాలుగో పాదం లేకుండా నిలబడవలసి వస్తుంది. ఈ వ్యాసంలో ‘సాధ్యం’ అనే మాటను ఈ అర్థంలోనే వాడుతున్నాను.

సాధ్యం మిగిలిందా?

1908 నాటి సివిల్ ప్రక్రియా స్మృతిలో నిష్ఫలమైన అప్పీలు గురించి ప్రత్యేక నిబంధన లేదు. న్యాయస్థానాలు 151వ సెక్షను కింద తమకున్న సహజాధికారంతో ఆ పని చేస్తాయి. షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా – మచాడో బ్రదర్స్ కేసులో 2004లో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్పష్టం చేసింది. తరువాత జరిగిన సంఘటనవల్ల దావాకు ఆధారమే లేకుండా పోయినప్పుడు దానిని నడపనివ్వడం న్యాయప్రక్రియను దుర్వినియోగం కానివ్వడమే అవుతుందని, దానిని ముగించడం కోర్టు బాధ్యత అని తేల్చింది.

తరువాతి సంఘటనలను లెక్కలోకి తీసుకోవడం గురించి దేశమంతటా ఉదహరించే తీర్పు తెలుగు నేలమీది అద్దె తగాదాలో వచ్చినదే. అది పసుపులేటి వెంకటేశ్వర్లు – మోటార్ అండ్ జనరల్ ట్రేడర్స్, 1975. ఆంధ్రప్రదేశ్ భవనాల అద్దె నియంత్రణ చట్టం, 1960 కింద ఒక యజమాని తాను వ్యాపారం పెట్టుకోవడానికి స్థలం కావాలని అద్దెదారును ఖాళీ చేయించాలనుకున్నాడు. కేసు నడుస్తుండగానే వ్యాపారానికి తగిన మరో స్థలం అతని స్వాధీనంలోకి వచ్చింది. హైకోర్టు దానిని గమనించి పిటిషను తోసిపుచ్చింది. సుప్రీంకోర్టు తరఫున జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ వైఖరిని సమర్థించారు. హక్కులు దావా వేసిన నాటికి స్థిరపడతాయన్నది సాధారణ సూత్రమే. అయినా ఉపశమనం ఇవ్వడంపై మౌలికంగా ప్రభావం చూపే కొత్త సంగతి ఎదురైతే కోర్టు దానికి కళ్లు మూసుకోలేదు, ఉభయపక్షాలకూ న్యాయం జరిగేలా జాగ్రత్తగా దానిని పరిగణించాలి అన్నది ఆ తీర్పు సారాంశం. ఆ వ్యవహారం అద్దె చట్టం కింద రివిజనుగా నడిచినది. అయినా సివిల్ అప్పీళ్లలో దానినే ప్రమాణంగా స్వీకరిస్తున్నారు.

ఈ సూత్రాన్ని విచ్చలవిడిగా వాడితే ఏమవుతుంది? కాలయాపన చేసినవాడికే కాలం వరమవుతుంది. గయాప్రసాద్ – ప్రదీప్ శ్రీవాస్తవ కేసు (2001) ఆ ప్రమాదాన్ని చూపింది. కుమారుడు డాక్టరుగా ప్రాక్టీసు పెట్టుకోవడానికని యజమాని ఖాళీ చేయమన్నాడు. వ్యాజ్యం రెండు దశాబ్దాలకు పైగా సాగింది. ఈలోగా ఆ కుమారుడు ప్రభుత్వ వైద్యసేవలో చేరాడు. ఇక అవసరం తీరిపోయిందని అద్దెదారు వాదించాడు. సుప్రీంకోర్టు అంగీకరించలేదు. అవసరాన్ని పిటిషను వేసిన నాటికే చూడాలని, తరువాతి సంఘటన ఆ అవసరాన్ని పూర్తిగా తుడిచిపెట్టినప్పుడే లెక్కలోకి వస్తుందని చెప్పింది. వెంకటేశ్వర్లు కేసు, ఈ కేసు పైకి విరుద్ధంగా కనిపిస్తాయి. నా దృష్టిలో రెండూ ఒకే కొలమానం వాడినవే. మొదటిదానిలో సాధ్యం తీరిపోయింది. రెండోదానిలో ఎదురుచూపులు భరించలేక కుమారుడు మరో దారి వెతుక్కున్నాడు, సాధ్యం తీరలేదు.

అమలు జరిగినంత మాత్రాన

గ్రామాలలో అన్నిటికన్నా గట్టిగా పాతుకుపోయిన అపోహ ఇది: డిక్రీ అమలై భూమి ఎదుటివాడి చేతికి వెళ్లిపోయింది కనుక అప్పీలుతో పనిలేదు. చట్టం ఇలా చెప్పదు. అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ అమలు ఆగదని ఆర్డరు 41, రూలు 5 చెబుతుంది. స్టే విడిగా తెచ్చుకోవాలి. కాని స్టే దొరకకపోయినా అప్పీలు నిష్ఫలం కాదు. డిక్రీ తరువాత తారుమారైతే 144వ సెక్షను కింద కోర్టు పూర్వస్థితిని పునరుద్ధరిస్తుంది. స్వాధీనం, దానితో పాటు ఆ మధ్యకాలపు ఆదాయం, వడ్డీ, నష్టపరిహారం ఇప్పించవచ్చు. అందుకు వేరే దావా అక్కరలేదు. డిక్రీ సొమ్మును జప్తు భయంతో కోర్టులో కట్టినవాడు కూడా తన అప్పీలును వదులుకున్నట్లు కాదు.

ఒకచోట మాత్రం పట్టు జారుతుంది. బాకీ డిక్రీ కింద భూమి వేలమై, వ్యాజ్యంతో సంబంధంలేని మూడో వ్యక్తి సదుద్దేశంతో కొన్నాడనుకుందాం. తరువాత డిక్రీ రద్దయినా అతని కొనుగోలు చెక్కుచెదరదని ప్రీవీ కౌన్సిల్ 1887లోనే జైనుల్ అబ్దీన్ ఖాన్ కేసులో నిర్ణయించింది. డిక్రీదారే వేలంలో కొనివుంటే ఈ రక్షణ ఉండదు. మూడో వ్యక్తి కొన్న సందర్భంలో అప్పీలుదారుకు డబ్బు రావచ్చు, భూమి రాదు. అయినా అప్పీలు బతికే ఉంటుంది. సాధ్యం భూమి నుంచి సొమ్ముకు మారింది, అంతే. తెలుగు గంగ, కె.సి. కాలువల నీరు అందే ఎకరాన్ని పోగొట్టుకున్న రైతుకు ఆ మార్పు చిన్నది కాదు. కనుక స్టే పిటిషనును అప్పీలుతో పాటే వేయడం ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు.

పంపకం దావాలలో ప్రాథమిక డిక్రీపై అప్పీలు నడుస్తుండగా తుది డిక్రీ వెలువడడం పరిపాటి. అప్పుడు కూడా అప్పీలు నిష్ఫలం కాదు. ప్రాథమిక డిక్రీ పునాది, అది కూలితే దానిమీద కట్టిన తుది డిక్రీ కూడా కూలుతుంది. అయితే 97వ సెక్షనులో ఒక హెచ్చరిక ఉంది. ప్రాథమిక డిక్రీపై అప్పీలు చేయనివాడు తుది డిక్రీ అప్పీలులో దాని మంచిచెడ్డలను ప్రశ్నించలేడు.

చట్టం మారినప్పుడు

కొత్త చట్టం ఒక్క కలంపోటుతో వందల అప్పీళ్లను ముగించగలదు. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ రుణగ్రస్తుల ఉపశమన చట్టం చిన్న రైతులు, వ్యవసాయ కూలీలు, గ్రామీణ చేతివృత్తులవారి రుణాలను రద్దుచేస్తూ, వాటిమీద నడుస్తున్న దావాలు, అప్పీళ్లు కూడా ఉపశమిస్తాయని శాసించింది. ఇక్కడ నిష్ఫలత్వాన్ని కోర్టు వెతుక్కోవలసిన పని లేదు, చట్టమే ప్రకటించింది. కోర్టు చూడవలసింది రుణగ్రస్తుడు ఆ నిర్వచనంలోకి వస్తాడా లేదా అన్నదే.

చట్టం మార్పు వ్యాజ్యాన్ని చంపడమే కాదు, కొత్త ఊపిరి కూడా పోస్తుంది. గండూరి కోటేశ్వరమ్మ – చాకిరి యానాది కేసు (2011) ఇందుకు మన రాష్ట్రపు ఉదాహరణ. ప్రాథమిక డిక్రీ 1999లో వచ్చింది, 2003లో సవరణ పొందింది, తుది డిక్రీ ఇంకా రాలేదు. ఈలోగా 2005 సెప్టెంబరులో హిందూ వారసత్వ చట్ట సవరణ కుమార్తెలను జన్మతః దాయాదులుగా గుర్తించింది. కుమార్తెలు తమ వాటా పెంచాలని కోరారు. విచారణ కోర్టు ఒప్పుకుంది, హైకోర్టు కాదంది, సుప్రీంకోర్టు విచారణ కోర్టును సమర్థించింది. తుది డిక్రీ వెలువడేవరకు పంపకం దావా ముగిసినట్లు కాదన్నది ఆధారం. ఎస్. సాయిరెడ్డి – ఎస్. నారాయణరెడ్డి కేసులో (1991) రాష్ట్ర సవరణ చట్టం గురించి ఇదే తర్కం ముందే వచ్చింది. ‘అంతా అయిపోయింది’ అని సోదరులు నమ్మబలికిన సోదరీమణులకు ఈ రెండు తీర్పులూ తెలిసివుండడం అవసరం.

సివిల్ అప్పీలు కాకపోయినా ఈ సందర్భంలో ఒక రిట్ వ్యాజ్యాన్ని ప్రస్తావించాలి. కర్నూలును న్యాయరాజధానిగా ప్రతిపాదించిన 2020 చట్టాలను 2021 నవంబరులో రాష్ట్రప్రభుత్వం ఉపసంహరించుకుంది. చట్టాలే లేవు కనుక వాటిని సవాలు చేసిన పిటిషన్లు నిష్ఫలమయ్యాయన్న వాదన వచ్చింది. 2022 మార్చి 3న హైకోర్టు దానిని పూర్తిగా అంగీకరించలేదు. చట్టాల చెల్లుబాటుకు సంబంధించిన కోరికలు తీరిపోయినా, రాజధాని అభివృద్ధి ఒప్పందాల అమలు వంటి కోరికలు మిగిలే ఉన్నాయని విచారణ కొనసాగించి తీర్పు చెప్పింది. తీర్పులోని రాజకీయ ఫలితాల గురించి రాయలసీమ వాసులకు వేరే అభిప్రాయాలు ఉండవచ్చు. శ్రీబాగ్ ఒడంబడిక కాలం నుంచీ ఉన్నవే అవి. ఇక్కడ గ్రహించవలసింది పద్ధతి. నిష్ఫలత్వాన్ని మొత్తం వ్యాజ్యానికి కాక ఒక్కొక్క కోరికకు విడివిడిగా కొలవాలి.

మరణం

మరణంవల్ల అప్పీలు ముగియడం రెండు విధాలు. మొదటిది గడువు తప్పడం. ప్రత్యర్థి మరణిస్తే 90 రోజులలో వారసులను రికార్డుపైకి తేవాలి. తేకపోతే అతనికి సంబంధించినంతవరకు అప్పీలు ఉపశమిస్తుంది. దానిని రద్దు చేయమని కోరడానికి మరో 60 రోజులు ఉంటాయి, ఆపైన ఆలస్యాన్ని మన్నించమని అడగాలి. నలుగురు అన్నదమ్ములకు ఉమ్మడిగా వచ్చిన డిక్రీలో ఒకరి వారసులను వదిలేస్తే మొత్తం అప్పీలే పడిపోయే ప్రమాదం ఉందని పంజాబ్ రాష్ట్రం – నాథూరాం కేసు (1962) నుంచి తెలిసినదే. ఒకే భూమిపై రెండు విరుద్ధ డిక్రీలు ఉండరాదు కదా. ఇది నిష్ఫలత్వం కాదు. సాధ్యం ఉండగానే దారి మూసుకుపోవడం. దీనిని దిద్దుకోవచ్చు.

రెండోది హక్కే మనిషితో పోవడం. ఇందులో మేలపురత్తు శంకుణ్ణి ఎళుత్తచ్ఛన్ కేసు (1986) సూక్ష్మమైన తేడాను చూపింది. పరువునష్టం దావా ఓడిపోయి అప్పీలు వేసిన వాది మరణిస్తే ఆ అప్పీలు అతనితో ముగుస్తుంది. గెలిచిన వాది మరణిస్తే ప్రతివాది వేసిన అప్పీలు ముగియదు. డిక్రీ సొమ్ము అప్పటికే అతని ఆస్తిలో భాగమైంది, దానిని కాపాడుకునే హక్కు వారసులకుంది. అదే విధంగా ఎకపక్షంగా విడాకుల డిక్రీ పొందిన భర్త మరణించినా, దానిని రద్దు చేయమని భార్య పెట్టిన దరఖాస్తు నిష్ఫలం కాదని యల్లవ్వ – శాంతవ్వ కేసులో (1997) సుప్రీంకోర్టు చెప్పింది. వివాహబంధం మరణంతోనే తెగిపోయింది, ఇక విడాకుల మాటెందుకు అనిపిస్తుంది. కాని ఆమె విడాకులు పొందిన స్త్రీయా, వితంతువా అన్నదానిమీద భర్త ఆస్తిలో వాటా, పింఛను ఆధారపడి ఉంటాయి. సాధ్యం పైకి కనిపించని చోట దాగి ఉండగలదనడానికి ఇంతకంటే మంచి నిదర్శనం నాకు కనిపించలేదు.

మూసిన అప్పీలు – మిగిలిన డిక్రీ

ఇప్పుడు అసలు చిక్కు. ఊహాత్మకమైన ఉదాహరణ తీసుకుందాం. శిరివెళ్ల పొలంలో వరి వేసిన కౌలుదారు, యజమాని పంట కోయకుండా నిషేధాజ్ఞ కోరాడు. కౌలు రుజువు కాలేదని కోర్టు దావా కొట్టివేసింది. అప్పీలు పెండింగులో ఉండగా యజమాని పంట కోసుకున్నాడు. నిషేధించడానికి పంటే లేదు కాబట్టి ఆ కోరిక నిష్ఫలం. న్యాయవాది ఆ మేరకు మెమో వేస్తాడు, అప్పీలు మూతపడుతుంది. మరుసటి ఏడాది కౌలుదారు పంట విలువ రాబట్టుకోవడానికి కొత్త దావా వేస్తే, కౌలు రుజువు కాలేదని ముందే తేలిపోయింది కదా అని యజమాని అడ్డు తగులుతాడు.

ఆ అడ్డంకి ఎంత బలమైనది? షియోదాన్ సింగ్ – దర్యావ్ కున్వర్ కేసులో (1966) సుప్రీంకోర్టు, గడువు మీరడం వంటి కారణాలతో అప్పీలు తోసిపుచ్చినా కింది కోర్టు నిర్ణయం అంతిమమై పూర్వన్యాయంగా కట్టివేస్తుందని చెప్పింది. నిష్ఫలమని మూసిన అప్పీలు విషయంలో కూడా ఎదుటిపక్షం ఇదే వాదన ఎత్తుకుంటుంది. కౌలుదారుకు కొంత ఆసరా వరంగల్లు నుంచి వచ్చిన అనాథుల సుధాకర్ – పి. బుచ్చిరెడ్డి కేసులో (2008) దొరుకుతుంది. వట్టి నిషేధాజ్ఞ దావాలో హక్కు గురించి తగిన వాదనలు, వివాదాంశం లేకుండా చేసిన నిర్ధారణ కట్టుబాటు కాదని ఆ తీర్పు చెప్పింది. కాని మన ఉదాహరణలో కౌలు ప్రత్యక్షంగానే వివాదాంశం. కాబట్టి ఆసరా బలహీనమే.

అమెరికాలో పద్ధతి వేరు. అప్పీలు తనంతట తానుగా నిష్ఫలమైతే కింది తీర్పును కూడా రద్దు చేయాలని మన్సింగ్‌వేర్ కేసులో (1950) అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. ఓడినవాడే రాజీపడి నిష్ఫలం చేసుకుంటే ఆ మేలు సాధారణంగా దక్కదని 1994 నాటి బ్యాన్‌కార్ప్ కేసు పరిమితి పెట్టింది. ఇంగ్లండులో ఎయిన్స్‌బరీ – మిల్లింగ్టన్ కేసులో (1987) ప్రభువుల సభ, కక్షిదారుల మధ్య ఇంటి వివాదమే మిగలనప్పుడు ఇక తేల్చవలసింది లేదని అప్పీలు వినడానికి నిరాకరించింది. మన ప్రక్రియా స్మృతిలో కింది తీర్పును రద్దు చేయమనే అమెరికన్ తరహా నియమం లేదు. నా అభిప్రాయంలో ఆ లోటు సామాన్య కక్షిదారుపైనే ఎక్కువ బరువు మోపుతుంది. అప్పీలు వినే అవకాశం తన తప్పు లేకుండానే పోయినవాడిని, వినిపించుకొని ఓడినవాడితో సమానం చేయడం సబబు కాదు.

నియమం లేకపోయినా దారులు ఉన్నాయి. పంట పోయినా, స్వాధీనం పోయినా ఆర్డరు 6, రూలు 17 కింద దావాను సవరించి నష్టపరిహారం లేదా స్వాధీనం కోరవచ్చు. అప్పుడు సాధ్యం కొత్త రూపంలో నిలుస్తుంది, అప్పీలు నిష్ఫలం కాదు. సవరణ వీలుకాకపోతే, మూసివేత ఉత్తర్వులోనే కింది కోర్టు నిర్ధారణలను తెరచి ఉంచమని అడగాలి. ఆ కోరిక మౌఖికంగా కాక మెమోలో రాతపూర్వకంగా ఉండాలి. కక్షిదారు సంతకం చేసే ఆ మెమో తెలుగులో ఉంటే అందులోని మాటలు ఇలా ఉండవచ్చు: “పంట కోతవలన నిషేధాజ్ఞ కోరిక మాత్రమే నిష్ఫలమైనది. కౌలు రుజువు కాలేదన్న కింది కోర్టు నిర్ధారణను అప్పీలుదారు అంగీకరించలేదు. ఆ అంశము పై కోర్టు విచారణకు రాలేదు గనుక, తదుపరి వ్యాజ్యములో ఉభయపక్షములు దానిని స్వేచ్ఛగా వాదించుకొనుటకు వీలుగా తెరచి ఉంచవలెనని ప్రార్థన.”